విద్యాఋణము - కష్టకాలమున విరామము
(మహాసభయందలి విద్యావిషయక సమావేశమున చేసిన యుపన్యాసము)



విద్యనుగూర్చి మాటలాడుమని కార్యనిర్వాహకులు నన్ను కోరినారు. విద్య యావశ్యకమని చెప్పుటకు నేను లేవలేదు. ఆ మాట మన సభలలో చిరకాలమునుండి చెప్పబడుచునే యున్నది. దానిని నమ్మియే మనవారు బిడ్డలను చదివించుచున్నారు. నేడు నేను మనవి చేయబూనినది ఆ చదువునకై చేసిన యప్పును గూర్చి. అందును అప్పు సంపాదించు మార్గమును గూర్చి గాదు. తీర్చవలసిన దినము వచ్చినపుడు చేతిలో పైకము లేనివాడేమి చేయవలెననునదే నా విషయము.

ఇట్టి విషయము మహాసభలో ముచ్చటించదగినది కాదని కొందరికి తోచవచ్చును. అప్పు ఇంటిలోని మాట, నలుగురి చెవిని బడరాదు అని మన పెద్దలు తలంతురు. ఆ తలంపే పెక్కు కుటుంబములకు చేటు తెచ్చుచున్నదని నా దృఢమైన యభిప్రాయము. ధనము లేకపోవుటకంటె, లేదని వేళకు చెప్పలేకపోవుటచేతనే ఎక్కువ నష్టము కలుగుచున్నది. ఈ సంగతిని మీకు లెక్కలతో నిరూపింపగలను.

పూర్వము సంఘములు విద్యకు చేసిన సాయము వేరురీతిగ నుండెను. వసతిగృహములు కట్టించిరి, భోజనము పెట్టిరి, పుస్తకములకును జీతములకును ధనమిచ్చిరి. 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి హాస్టలు వంటివి అట్టి దాతృత్వమునకు సాక్ష్యములు. విద్యకు ధనమును దానముగా గాక ఋణముగా నిచ్చు పద్ధతియు మన దేశమునకు క్రొత్త గాదు. 1892లోనే జంషెట్జీ టాటాగారు నెలకొల్పిన నిధి, విదేశములలో పై చదువులు చదువగోరువారికి ఋణరూపమున సాయము చేసెను. 1963-64లో భారత ప్రభుత్వము వడ్డీలేని జాతీయ ఋణ విద్యార్థివేతనములను ప్రారంభించెను. 2001లో భారతీయ బ్యాంకుల సంఘము నమూనా విద్యాఋణ పథకమును సిద్ధపరచిన పిమ్మట బ్యాంకులన్నియు ఈ కార్యమునకు పూనుకొన్నవి. నేడు సామాన్య కుటుంబమునందలి బాలుడు గాని బాలిక గాని ఇంజనీరింగు, వైద్యము, విదేశవిద్య యనినచో ముందుగా తండ్రి పోవునది బ్యాంకునకే. కాబట్టి నేటి విద్యాసమస్యలో సగము ఋణసమస్యయే యని చెప్పవలసియున్నది.

ఋణగ్రస్తుడు కష్టములో నున్నపుడు అతనికి గడువిచ్చుట దయామాత్రమని కొందరనుకొందురు. మన ప్రాచీనులు దానిని ధర్మముగనే యెంచిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఋణాదానమును గూర్చిన యధ్యాయమునందు ఎవరి యప్పుమీద వడ్డీ పెరుగరాదో చెప్పబడినది. దీర్ఘమైన సత్రయాగమున నిమగ్నుడైనవాడు, వ్యాధిగ్రస్తుడు, గురుకులమున చదువుకొనుచున్నవాడు, బాలుడు, ఏమియు లేని నిరుపేద - వీరి ఋణము పెరుగరాదని యా శాస్త్రకారుని నిర్ణయము. చదువుకొనువానిని వ్యాధిగ్రస్తునితోను నిరుపేదతోను ఒకే పంక్తిని గూర్చుండబెట్టుటలోని యౌచిత్యమును మీరు గమనింపవలెను. ఈ ముగ్గురును ధనమార్జింపజాలని స్థితిలో నున్నవారు. ఇదిగాక, అసలునకు మించిన వడ్డీని ఒక్కమారుగా రాబట్టరాదను ద్విగుణనియమము 'దామ్‌దుపట్టు' అను పేర బొంబాయి ప్రెసిడెన్సీ న్యాయస్థానములలో నమలుజరిగెను. కావున కష్టకాలమున గడువడుగుట బిచ్చమెత్తుట గాదు. మన న్యాయశాస్త్రమంత ప్రాచీనమైన మార్గము.

ఇక నేటి నిబంధనలను విన్నవింతును. బ్యాంకుల విద్యాఋణములలో సాధారణముగ రెండు విధములైన విరామములు గలవు. మొదటిది అందరెరిగినది. చదువు సాగినంతకాలము, ఆపై మరియొక సంవత్సరము, వాయిదాలు కట్టనక్కరలేదు. దీనినే మారటోరియమందురు. ఐతే వాయిదా నిలిచినను వడ్డీ నిలువదు. విద్యార్థి తరగతిలో కూర్చుండి పాఠము వినుచుండగా వడ్డీ తన పాటికి తాను పెరుగుచునే యుండును. నమూనా పథకము ప్రకారము ఈ కాలమునకు వేయునది బారువడ్డీయే గాని చక్రవడ్డీ గాదు. చదువుకాలమున ఆ వడ్డీని ఎప్పటికప్పుడు చెల్లించువారికి వడ్డీరేటున నూటికి ఒక రూపాయి తగ్గింపు నిచ్చుటయు అందు గలదు.

ఈ కాలపు వడ్డీని ప్రభుత్వమే భరించు సదుపాయము కొందరికి గలదు. సాలుకు 4.5 లక్షల రూపాయలకు మించని కుటుంబాదాయము గలవారు మన దేశమున సాంకేతిక విద్యగాని వృత్తివిద్యగాని చదువునపుడు, నిబంధనలకు లోబడి, విరామకాలపు వడ్డీని కేంద్రప్రభుత్వము చెల్లించు పథకము 2009-10 నుండి యున్నది. 2024 నవంబరు 6వ తేదీన కేంద్ర మంత్రివర్గ మామోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము ప్రకారము 8 లక్షల వరకు ఆదాయము గల కుటుంబముల వారికి, ఎంపికయైన విద్యాసంస్థలలో చదువుటకై తీసికొను 10 లక్షల వరకు ఋణముమీద, విరామకాలమున నూటికి 3 రూపాయల వడ్డీసాయము లభించును. విదేశములకు పోవువారికి ఈ రెండును వర్తింపవు. అర్హతగల కుటుంబములు ఆదాయ ధ్రువపత్రము వేళకు దాఖలు చేయక ఈ లాభమును పోగొట్టుకొనరాదని ప్రత్యేకముగ హెచ్చరించుచున్నాను.

రెండవ విరామము మనలో పెక్కుమంది యెరుగనిది. నేను ఈ వేదిక నెక్కుటకు ముఖ్యకారణ మదియే. 2015లో సవరింపబడిన నమూనా పథకమునందు, చదువు ముగిసిన తరువాత ఉద్యోగము లేని కాలమునను, చదువునకు తగిన యుద్యోగము దొరకక అల్పాదాయముతో గడుపు కాలమునను, ఋణము తీరులోపల రెండు మూడు పర్యాయములు మారటోరియ మీయవచ్చునని చెప్పబడినది. స్వంతముగ వ్యాపారసంస్థ స్థాపింపదలచిన పట్టభద్రునికి ఆ ప్రారంభకాలమునను గడువీయవచ్చును. తిరుగుబాకీ కాలమును 15 సంవత్సరములవరకు సాగదీయవచ్చును.

ఇచ్చట ఒక మాటను స్పష్టముగ చెప్పవలెను. ఇది బ్యాంకులకు చూపబడిన నమూనాయే గాని ఋణగ్రహీత చేతికీయబడిన హక్కుపత్రము కాదు. ఒక్కొక్క బ్యాంకు దీనిని తనకు తోచిన మార్పులతో స్వీకరించినది. బ్యాంకులు కాని ఆర్థికసంస్థలనుండి అప్పు తెచ్చుకొన్నవారి యొడంబడికలు వేరుగ నుండును. చదువుకాలమందే వడ్డీనో, వడ్డీలో కొంతభాగమునో ప్రతినెలయు కట్టుమను సంస్థలును గలవు. కాబట్టి అప్పు తీసికొను దినముననే మంజూరు పత్రమును తుదివరకు చదివి, విరామమును గూర్చి యేమి వ్రాసియున్నదో గుర్తించుకొనవలెను. సంతకము చేయకముందు అడుగుటకును, చేసిన పిమ్మట అడుగుటకును చాల భేదము గలదు.

విరామమనగా మాఫీ యని భ్రమపడరాదు. దాని మూల్యమును ఒక యుదాహరణముతో చూపుదును. లెక్క సులభముగ నుండుటకై, వాయిదాలు మొదలగునాటికి బాకీ 10 లక్షలనియు, వడ్డీ సాలుకు నూటికి 10 రూపాయలనియు, గడువు 10 సంవత్సరములనియు అనుకొందము. నెలకు కట్టవలసిన వాయిదా సుమారు 13,215 రూపాయలగును. ఇందు మొదటి నెలలో వడ్డీయే 8,333 రూపాయలు.

ఉద్యోగము లేని యువకుడు ఆరునెలలు ఏమియు కట్టకుండుటకు అనుమతి పొందెననుకొందము. ఆ ఆరునెలల వడ్డీ సుమారు 50,000 రూపాయలు అసలులో చేరును. తరువాత మరల 10 సంవత్సరములలో తీర్చుటకు నెలకు 13,876 రూపాయలు కట్టవలసి వచ్చును. నెలకు పెరిగినది 661 రూపాయలే. ఐనను గడువు ముగియునప్పటికి అది 79,000 రూపాయలు దాటును.

ఇదే యువకుడు పూర్తివిరామము గాక తగ్గింపు కోరి, ఆ ఆరునెలలును వడ్డీమాత్రము, అనగా నెలకు 8,333 రూపాయలు, చెల్లించినచో అసలు పెరుగదు. తరువాతి వాయిదా 13,215 రూపాయలుగనే యుండును. అతనికి కలిగిన యధికవ్యయము 50,000 రూపాయలతో ఆగిపోవును. రెంటికిని భేదము 29,000 రూపాయల పైచిలుకు.

మూడవమార్గము గడువును సాగదీయుట. 10 సంవత్సరములను 15 చేసినచో నెలసరి వాయిదా 10,746 రూపాయలకు దిగును. నెలకు 2,469 రూపాయల యుపశమనము కనబడును. కాని మొత్తముమీద కట్టునది 15,85,800 రూపాయలనుండి 19,34,300 రూపాయల వరకు పెరుగును. అనగా దాదాపు మూడున్నర లక్షలు అధికము.

ఈ లెక్కలవలన తేలునదేమి? చేతిలో ఏ కొంచెమున్నను వడ్డీవరకైనను కట్టుట యుత్తమము. బొత్తిగా లేనపుడు స్వల్పకాలము పూర్తివిరామము పొందుట మధ్యమము. దీర్ఘకాలము గడువు సాగదీయుట తక్కిన దారులు మూసికొన్నపుడు చేయదగినది. వీనిలో ఏదియు చేయక, బ్యాంకువారి యుత్తరములను అటకమీద పడవేసి మిన్నకుండుట మాత్రము అధమాధమము. అట్లేలనో ఇప్పుడు మనవి చేయుదును.

వాయిదా తప్పిన దినమునుండి బ్యాంకు లెక్కపెట్టుచునే యుండును. 30 దినములలోపల ఒక తరగతి, 60 దినములలోపల రెండవ తరగతి, 90 దినములలోపల మూడవ తరగతిగ ఆ ఖాతాను గుర్తించును. 90 దినములు దాటెనా, అది మొండిబాకీల పద్దున చేరును. అప్పటినుండి బ్యాంకు అధికారి చేతులు కట్టుబడును. మునుపు చిరునవ్వుతో చేయగల సాయమును అతడు పై యధికారుల నడిగి చేయవలసివచ్చును. ఋణచరిత్రను నమోదుచేయు సంస్థల దస్త్రములలో విద్యార్థి పేరుతోపాటు సహఋణస్థులైన తల్లిదండ్రుల పేర్లును చెడును. తరువాత ఇల్లు కట్టుకొనుటకు గాని, చిన్నబిడ్డ చదువునకు గాని వారు అప్పడిగినపుడు ఈ మచ్చ యెదురువచ్చును. ఇల్లు తనఖాలో నున్నచో 2002 నాటి సర్ఫేసీ చట్టము ప్రకారము 60 దినముల నోటీసిచ్చి, న్యాయస్థానమునకు పోకయే దానిని స్వాధీనపరచుకొను చర్యలకు బ్యాంకు పూనుకొనవచ్చును. ఆ చట్టము వ్యవసాయభూమికి వర్తింపదు. నివసించు ఇంటికి వర్తించును.

విదేశములలోని మన బిడ్డల విషయమున ఈ 90 దినములు మరియొక రూపమున గూడ ఎదురగును. అమెరికాలో చదువు ముగించిన విద్యార్థికి ఓ.పి.టి. యను అనుమతిపై 12 నెలలు పనిచేయు నవకాశము గలదు; విజ్ఞానశాస్త్ర, సాంకేతిక విద్యలవారికి మరి 24 నెలలు పొడిగింపు దొరకును. కాని మొదటి 12 నెలలలో నిరుద్యోగియై యుండదగిన దినములు మొత్తము 90కి మించరాదు. ఒకప్రక్క అచ్చటి గడువు, మరియొకప్రక్క ఇచ్చటి బ్యాంకు గడువు. ఆ నడుమ నలుగుచున్న ఇరువదినాలుగేండ్ల బిడ్డ, ఇంటికి ఫోను చేసినపుడు 'అంతయు బాగుగనే యున్నది నాన్నా' యనును. ఇచ్చట తండ్రి, 'ఇక్కడ మాకేమి దిగులులేదు తల్లీ' యని బదులు చెప్పును. ఇద్దరును ప్రేమచేతనే దాచుదురు. దాచుటచేత ఇద్దరును చెడుదురు. మూడునెలల గడువులో రెండు నెలలు ఇట్టి మాటలలోనే గడచిపోవును.

కావున ఏమి చేయవలెనో క్రమముగ చెప్పుచున్నాను. ఉద్యోగము పోయిన వారముననే, లేక మారటోరియము ముగియుటకు రెండు మూడు నెలలు ముందుగనే, బ్యాంకు శాఖకు వ్రాతమూలకముగ మనవి చేసికొనవలెను. నోటిమాట చాలదు. మనవిలో ఋణఖాతా సంఖ్య, కష్టమునకు కారణము, దానికి నిదర్శనపత్రములు, కోరునది పూర్తివిరామమా, వడ్డీమాత్రము కట్టు తగ్గింపా, గడువు పొడిగింపా యను స్పష్టమైన మాట, ఎన్ని నెలలకు కోరుచున్నారు, తరువాత ఎట్లు తీర్చగలరు - ఇవన్నియు నుండవలెను. ఉద్యోగమునుండి తొలగించిన యుత్తరువు, ఆసుపత్రి కాగితములు, జీతపుచీటీలు జతపరుపవలెను. మనవి అందినట్లు ముద్రతో రసీదు పుచ్చుకొనవలెను. బదులు వచ్చువరకు చేతనైనంత కట్టుచుండవలెను.

బ్యాంకువారిని రెండు ప్రశ్నలడిగి వ్రాతమూలకముగ సమాధానము పొందవలెను. ఈ విరామకాలపు వడ్డీ అసలులో చేరునా? ఈ యేర్పాటు ఋణచరిత్రలో పునర్వ్యవస్థీకరణ మని నమోదగునా? మంజూరు పత్రములోనే యున్న విరామమునకును, కష్టము వచ్చిన పిమ్మట బ్యాంకు క్రొత్తగా చేసిన మార్పునకును ఈ విషయమున భేదముండవచ్చును. అపరాధపు వడ్డీని గూర్చియు తెలిసికొనవలెను. రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18వ తేదీ యుత్తరువు ప్రకారము వాయిదా తప్పినందుకు విధించునది రుసుముగనే యుండవలెను గాని, వడ్డీరేటునకు కలుపరాదు; ఆ రుసుముమీద మరల వడ్డీ వేయరాదు. ఫిర్యాదునకు బ్యాంకు 30 దినములలో బదులీయకున్నను, ఇచ్చిన బదులు తృప్తికరముగ లేకున్నను, రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మనునకు మొరపెట్టుకొనవచ్చును. దానికి ఖర్చులేదు, వకీలును పెట్టుకొన నక్కరలేదు.

వేళకు మేల్కొన్నవానికే సాయమందునని 2020 సంవత్సరపు అనుభవము నేర్పినది. కరోనా వ్యాధి వ్యాపించినపుడు రిజర్వు బ్యాంకు ఆ మార్చి 27వ తేదీన వాయిదాలకు మూడునెలల విరామము ప్రకటించి, తరువాత ఆగస్టు 31 వరకు పొడిగించెను. వడ్డీమాత్రము నడచుచునే యుండెను. అక్టోబరులో కేంద్రప్రభుత్వము 2 కోట్లలోపు ఋణములకు, విద్యాఋణములతో సహా, ఆ ఆరునెలల చక్రవడ్డీకిని బారువడ్డీకిని గల భేదమును తాను భరించెను. 2021 మార్చి 23వ తేదీన సుప్రీంకోర్టు, ఋణపరిమాణముతో నిమిత్తము లేకుండ, ఆ కాలమునకు వడ్డీమీద వడ్డీ వసూలుచేయరాదని తీర్పుచెప్పెను. విరామము తరువాత గూడ కోలుకొనలేని వ్యక్తులకు రెండు సంవత్సరములవరకు గడువీయుటకు 2020 ఆగస్టులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అనుమతి నొసగెను. ఐతే అది ఎవరికి? ఆ మార్చి 1వ తేదీనాటికి 30 దినములకు మించి బాకీపడని ఖాతాదారులకు మాత్రమే. అంతకుముందే మౌనముగ బాకీపడి యూరకున్నవారికి ఆ ద్వారము మూసియుండెను.

అమెరికా ప్రభుత్వము తన విద్యాఋణములపై 2020 మార్చి 13 నుండి 2023 సెప్టెంబరు 1 వరకు వడ్డీని సున్నగా జేసి వాయిదాల నాపినది. విద్యార్థి వీసామీద పోయిన మన బిడ్డలకు ఆ ప్రభుత్వఋణములు దొరకవు గనుక ఆ మేలు వారి కందలేదు. అచ్చట పౌరసత్వము గల తెలుగు కుటుంబముల బిడ్డలకు అందినది. కాని అట్టి సదుపాయములును శాశ్వతములు కావు. 2025 జులై 4వ తేదీన అచ్చట చట్టమైన శాసనము ప్రకారము, 2027 జులై 1 నుండి క్రొత్తగా తీసికొను ప్రభుత్వ విద్యాఋణములకు నిరుద్యోగమునుబట్టి గాని, ఆర్థికకష్టమునుబట్టి గాని ఇచ్చు విరామము ఉండబోదు. ప్రభుత్వములు తెరచిన తలుపును ప్రభుత్వములే మూయగలవని దీనివలన తెలియుచున్నది. మనకు మనము తెరచుకొన్న తలుపు ఒకటి యుండుట మేలు.

ఆ తలుపును గూర్చి చెప్పుటకు ముందు, మనలోని యొక దురాచారమును ప్రస్తావింపక తప్పదు. పెద్దలు నన్ను మన్నింతురు గాక. కుమారుని చదువప్పు అతని వివాహమున వచ్చు కట్నముతో తీరునను ఆశ మన కుటుంబములలో నింకను గలదు. 1961 నాటి చట్టము వరకట్నమును నేరముగ జేసినది. ఐనను అప్పుసంగతి కన్యవారికి చెప్పక దాచుట, వారి ధనముతో బ్యాంకుబాకీ కట్టుట జరుగుచునే యున్నవి. దీనివలన ఒక కుటుంబపు భారము మరియొక కుటుంబము నెత్తికెక్కుచున్నది. ఆ కన్యకు అత్తవారింట మొదటి దినమునుండియే గౌరవలోపము కలుగుచున్నది. ఇక కుమార్తె విషయమున, పెండ్లి చేయవలసిన పిల్లకు అప్పు పెట్టి చదివించుటెందులకని వెనుదీయుదురు. చదువప్పు చేసిన బాలిక ఉద్యోగము చేసి దానిని తీర్చునంతవరకు ఓపికపట్టలేని సంబంధము సంబంధమే కాదని నేనందును. అప్పును బహిరంగముగ చెప్పుకొని నెమ్మదిగ తీర్చుకొను కుటుంబమే పరువుగల కుటుంబమని మనము నిర్ణయించుకొన్నచో, సగము బాధ నేటితోనే తీరును.

పోషకమహాశయులారా! ఇక మీకు నా విన్నపము. మన మహాసభలలో ప్రథమశ్రేణి విద్యార్థులకు బంగారు పతకములిచ్చుచున్నాము. అది మంచిపనియే. గెలిచినవానిని వేదికమీదికి పిలుచుట సులభము. చదువు ముగించి, పట్టము చేతబట్టుకొని, ఉద్యోగము దొరకక ఇంటిలో తలదాచుకొన్నవానిని మాత్రము ఎవ్వరును పిలువరు. అతడు గూడ నిరుడో ముందటేడో ఇదే వేదికమీద చప్పట్లందుకొన్నవాడై యుండవచ్చును.

అట్టివారికై విరామసహాయనిధి యొకటి నెలకొల్పవలెనని నా ప్రతిపాదన. దాని పద్ధతి సులభమైనది. కష్టములో నున్న విద్యార్థి ఋణముమీద ఆరునెలలవరకు వడ్డీమాత్రము సంఘము చెల్లించును. ఇంతకుముందు చెప్పిన లెక్క ప్రకారము ఒక్కొక్కరికి కావలసినది 50,000 రూపాయలు. ఇది దానము గాదు, వడ్డీలేని చేబదులు. ఉద్యోగము దొరకిన పిమ్మట నెలకు 2,000 రూపాయల వంతున 25 నెలలలో అతడు తిరిగి చెల్లించును. 5 లక్షల రూపాయల మూలధనముతో పదిమందిని ఆదుకొనవచ్చును. ఆ ధనమే తిరిగివచ్చి మరి పదిమందికి అక్కరకు వచ్చును. దానివలన కలుగు లాభమేమి? ఖాతా 90 దినముల గీత దాటదు, అసలు పెరుగదు, ఇల్లు నిలుచును, తల్లిదండ్రుల పేరు చెడదు. తరువాత 10 లక్షలు వెచ్చించినను మరల తేలేని మేలును వేళకిచ్చిన 50,000 రూపాయలు చేయగలవు.

ఈ నిధికి మూడు నియమములు ముఖ్యములు. మొదటిది, రహస్యము. సాయము పొందినవారి పేరు వేదికమీద గాని, నివేదికలో గాని, ఇట్టి సంచికలో గాని రాకూడదు. సంఖ్య చెప్పవలెను, పేరు చెప్పరాదు. రెండవది, సలహా. బ్యాంకు వ్యవహారములు తెలిసిన విశ్రాంతోద్యోగి యొకరు, న్యాయవాది యొకరు, స్త్రీ సభ్యురాలొకరు గల ఉపసంఘము ప్రతి నెలయు ఒక దినమున కూర్చుండి, మనవులు వ్రాసిపెట్టి, అవసరమైనచో బ్యాంకునకు వెంటబోవలెను. ధనముకంటె ఈ తోడు పెక్కుమందికి ఎక్కువ యుపకరించును. మూడవది, నిజాయితీ. కష్టము నిజమైనదా యని కాగితములు చూచి తెలిసికొనవలెను. కట్టగలిగియు కట్టనివానికి ఈ నిధిలో చోటుండరాదు. అప్పు ఎగవేయుటకు మార్గము చూపు సంఘమని మనకు పేరు వచ్చినచో, రేపు మన బిడ్డకు అప్పు పుట్టదు.

యువతీయువకులారా! మీకు చెప్పునది ఒక్కటే. అప్పు తీర్చుట మీ ధర్మము, దానిని మరువవద్దు. తీర్చలేని నెల వచ్చినపుడు ఆ మాట చెప్పుటయు మీ ధర్మమే. మొదట ఇంటిలో చెప్పుడు. మరునాడు బ్యాంకునకు వ్రాయుడు. ఆ పైన మీ సంఘమున్నది. తల్లిదండ్రులారా! బిడ్డ ఆ మాట చెప్పునపుడు 'నలుగురేమందురు' అని యనకుడు. 'ఎన్నవ తేదీ వాయిదా?' అని యడుగుడు. ఆ యొక్క ప్రశ్నతో సగము పని జరుగును.

నా ప్రతిపాదనను ఈ సాయంకాలపు తీర్మానసభలో చేర్చుటకు అధ్యక్షులవారు అనుజ్ఞ యిత్తురని నమ్ముచున్నాను.